చేయి వణుకుతున్నా స్పష్టమైన ఫొటో: మలివయసు ఫొటోగ్రాఫర్లకు సమగ్ర మార్గదర్శి

నాకు 69వ ఏడు నడుస్తుండగా ఒక జనవరి ఉదయం బెంగళూరు లాల్‌బాగ్ చెరువు గట్టున కూర్చొని, ఎండుకొమ్మ మీద కదలకుండా ఉన్న ఒకే ఒక్క లకుముకి పిట్టకు 140 ఫొటోలు తీశాను. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఒక్కదానిలోనూ పిట్ట కన్ను స్పష్టంగా లేదు. లెన్సు పాడైందనుకొని మరమ్మతు చేసే ఆయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన కెమెరాను బల్ల మీద రెండు పుస్తకాల నడుమ నిలిపి, ఎదురుగోడకు అంటించిన రసీదు కాగితాన్ని టైమర్ పెట్టి ఫొటో తీశారు. ప్రతి అక్షరం చెక్కినట్లు వచ్చింది. తరువాత కెమెరాను నా చేతికి ఇచ్చి, “ఇప్పుడు మీరు తీయండి సార్” అన్నారు. అవే అక్షరాలు పక్కకు ఈడ్చుకుపోయాయి. ఆయన మరేమీ అనలేదు, డబ్బు కూడా తీసుకోలేదు.

ఆ తరువాత కొన్ని నెలల పాటు నేను చేసిన పొరపాటు చేతిని బలవంతంగా నిలపాలని చూడటం. కండరాలు బిగించి, ఊపిరి బిగబట్టి పట్టుకొన్నకొద్దీ వణుకు పెరిగింది. చివరికి అర్థమైనది ఏమిటంటే, కెమెరా పట్టుకొన్న చేయి ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది: బరువు మోస్తుంది, గురి నిలుపుతుంది, బటన్ నొక్కుతుంది. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చేతి నుంచి తీసి వేరొకదానికి అప్పగించి, మిగిలిపోయిన కొద్దిపాటి కదలికను షట్టర్ వేగంతో దాటవచ్చు. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఆ ఒక్క ఆలోచన మీదనే ఆధారపడి ఉన్నాయి.

మొదటి మెట్టు: కెమెరా కంటే ముందు వైద్యుడు

వయసుతో వచ్చే వణుకులన్నీ ఒకటి కావు. చేయి చాచి ఏదైనా పట్టుకొన్నప్పుడు, పని చేస్తున్నప్పుడు కనిపించే వణుకు తరచుగా ఎసెన్షియల్ ట్రెమర్ అయి ఉంటుంది. ఇది సెకనుకు సుమారు 4 నుంచి 12 సార్లు ఊగుతుంది, చాలా కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. చేయి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు కనిపించి, పనిలో పెట్టగానే తగ్గేది, ఒక పక్కనే మొదలయ్యేది పార్కిన్సన్స్ వ్యాధి లక్షణం కావచ్చు. అది సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు ఊగుతుంది. ఇవి కాక థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఉబ్బసానికి వాడే సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్, లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందులు కూడా వణుకు తెప్పిస్తాయి. వీటిలో కొన్ని సరిచేయగలిగినవి. అందువల్ల వణుకు కొత్తగా మొదలైనా, పెరుగుతున్నట్లు అనిపించినా ముందు కుటుంబ వైద్యుణ్ణి, ఆయన సూచిస్తే నాడీవైద్య నిపుణుణ్ణి కలవండి. బెంగళూరులో ఉన్నవారికి హోసూరు రోడ్డులోని నాడీవైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఉండనే ఉంది. వాడుతున్న మందును మీ అంతట మీరు ఆపకండి. పొరుగువారికి పనిచేసిందని ప్రొప్రనలాల్ వంటి మాత్రను తెచ్చుకొని వేసుకోకండి, ఎందుకంటే ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం.

మీది ఏ రకం వణుకో తెలిస్తే ఫొటోగ్రఫీలోనూ దారి తెలుస్తుంది. బరువు ఎత్తి పట్టుకొంటే పెరిగే వణుకు ఉన్నవారికి ఆసరాలే సగం పరిష్కారం. పార్కిన్సన్స్‌కు మందు వాడేవారికి మాత్ర పనిచేస్తున్న గంటలు, దాని ప్రభావం తగ్గిపోయే గంటలు విడివిడిగా తెలుస్తాయి కాబట్టి, ఫొటోలకు వెళ్లే సమయాన్ని మాత్ర వేళను బట్టి నిర్ణయించుకోవడం మంచిది. నా విషయంలో ఇంకొక చిన్న సంగతి కూడా తేలింది. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఫిల్టర్ కాఫీ తాగి బయలుదేరిన రోజుల్లో వణుకు స్పష్టంగా ఎక్కువ. ఇప్పుడు రెండు ఇడ్లీలు తిని వెళ్లి, ఫొటోలు అయ్యాక కాఫీ తాగుతున్నాను.

రెండవ మెట్టు: మీ వణుకును క్యాలెండర్ మీద కొలవండి

ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌ను మించిన పరీక్షాపత్రం లేదు. పెద్ద అంకెలు, వాటి కింద తిథి, నక్షత్రం, వర్జ్యం వేళలు చిన్న అక్షరాల్లో ఉంటాయి కాబట్టి, ఒకే కాగితం మీద నాలుగు స్థాయుల స్పష్టతను చూడవచ్చు. కిటికీ వెలుగు బాగా పడేచోట దానిని తగిలించి, పేజీ ఫ్రేమును నింపేలా దూరం సర్దుకొని నిలబడండి. కెమెరాను షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ వేగాన్ని మీరే నిర్ణయించే పద్ధతి) పెట్టి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోకు వదిలి, స్టెబిలైజేషన్ (కుదుపును సరిచేసే ఏర్పాటు) ఆపి, 1/60, 1/125, 1/250, 1/500, 1/1000 వేగాల్లో ఒక్కొక్కదానికి 10 ఫొటోలు తీయండి. తరువాత స్టెబిలైజేషన్ వేసి అదే వరుసను మళ్లీ తీయండి. చివరగా కెమెరాను బల్ల మీద పెట్టి టైమర్‌తో ఒకటి తీయండి. అది మీ లెన్సు చేయగలిగిన అత్యుత్తమ ఫలితం, మిగిలినవాటిని దానితో పోల్చాలి. ఏ వేగం వద్ద పదింటిలో కనీసం ఎనిమిదిలో వర్జ్యం వేళలు చదవగలిగితే అది మీ వేగం. దానిని క్యాలెండర్ అంచునే తేదీతో సహా రాసి ఉంచండి.

మసకబారిన ఫొటోలను పారేయకండి, అవే అసలు సమాచారం ఇస్తాయి. కంప్యూటర్‌లో నూరు శాతం జూమ్ చేసి ఒక అక్షరాన్నే చూడండి. అక్షరం అన్ని వైపులకూ సమానంగా వ్యాపించి, చుక్క వలయంలా మారితే అది ఫోకస్ తప్పు, చేతిది కాదు. అక్షరం కిందికి ఒకే గీతగా సాగితే వేలు బటన్‌ను గుద్దినట్టు. ‘క’ మీది తలకట్టు రెండుగా కనిపిస్తే అది వణుకు. దీనికి కారణం ఆసక్తికరమైనది: ఊగే చేయి రెండు చివరల వద్ద దిశ మార్చుకొనేటప్పుడు క్షణకాలం ఆగుతుంది, మధ్యలో వేగంగా సాగుతుంది, అందువల్ల నెమ్మదైన షట్టర్‌లో రెండు చివరలూ ముద్ర పడి, మధ్యభాగం పలుచగా మాసిపోతుంది. 1/8, 1/15 సెకన్ల వద్ద తీసి చూస్తే ఈ జంట తలకట్టు బాగా కనిపిస్తుంది. చేయి చివరల వద్ద ఆగుతుందన్న ఈ సంగతిని గుర్తుంచుకోండి, ఆరవ మెట్టులో దీనితో పని ఉంది.

వీటిలో ఏదీ కాక, అంతా కొద్దిగా మసకగానే కనిపిస్తూ ఉంటే వ్యూఫైండర్ పక్కన ఉండే, దానిని మీ చూపుకు తగ్గట్టు సర్దే డయాప్టర్ చక్రాన్ని, ఆ తరువాత మీ కళ్లజోడును, శుక్లాలను పరీక్షించుకోండి. నా మిత్రుడొకరు రెండేళ్లు వణుకును నిందించిన తరువాత తేలింది ఆ చక్రం తిరిగిపోయి ఉందని.

మూడవ మెట్టు: షట్టర్ వేగం

పాత సూత్రం ప్రకారం లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్ ఎంతో, సెకనులో అన్నో వంతుకు షట్టర్ తగ్గకూడదు, 100 మి.మీ. లెన్సుకు 1/100, 300 మి.మీ. లెన్సుకు 1/300. ఇది ఫుల్‌ఫ్రేమ్ కొలత, అంటే పాత 35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత సెన్సర్‌కు. సెన్సర్ చిన్నదైతే నికాన్, సోనీ, ఫ్యూజీ ఏపీఎస్-సీ కెమెరాలకు 1.5, క్యానన్‌కు 1.6, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2 తో హెచ్చించాలి. ఇది కూడా నిలకడైన చేతులకు, చిన్న ప్రింట్లకు చెప్పిన సూత్రం. మన కోసం దానిని మళ్లీ మన సంఖ్యతో హెచ్చించాలి. క్యాలెండర్ పరీక్షలో తేలిన మీ వేగం, పాత సూత్రం చెప్పే వేగానికి ఎన్ని రెట్లో అదే మీ సంఖ్య. క్యాలెండర్ పరీక్షలో నా సంఖ్య స్టెబిలైజేషన్ లేకుండా 5 వచ్చింది. అంటే 100 మి.మీ. వద్ద నాకు 1/500 కావాలి. మీది 3 కావచ్చు, 8 కావచ్చు.

వేగం ఎందుకు పనిచేస్తుందో ఒక లెక్క వేస్తే స్పష్టమవుతుంది. సెకనుకు 6 సార్లు ఊగే చేయి ఒక చివర నుంచి మరొక చివరకు వెళ్లడానికి 1/12 సెకను పడుతుంది. 1/60 షట్టర్ ఆ ప్రయాణంలో అయిదో వంతును చూస్తుంది, 1/500 షట్టర్ నలభయ్యో వంతుకు మించి చూడదు. చేయి అంతే ఊగుతున్నా ఫొటోలో పడే మసక ఎన్నో రెట్లు తగ్గిపోతుంది.

ఇక అమరిక. ఆటో ఐఎస్ఓ మెనూలోకి వెళ్లి కనిష్ఠ షట్టర్ వేగాన్ని మీ సంఖ్య ప్రకారం పెట్టి, గరిష్ఠ ఐఎస్ఓను 6400 కు వదిలేయండి. మన తరం వాళ్లకు ఐఎస్ఓ పెంచడమంటే భయం, 400 ఫిల్ము వాడితేనే గింజ (ఫొటో అంతటా పడే సన్నని చుక్కలు) కనిపించిన రోజులు మనసులో ఉంటాయి. ఆ భయాన్ని విడిచిపెట్టాలి. గింజ పడిన ఫొటోను డీఎక్స్ఓ ప్యూర్‌రా, లైట్‌రూమ్‌లోని డీనాయిజ్ వంటి సాధనాలు ఈనాడు చాలావరకు శుభ్రం చేయగలవు. చేయి ఊగి ఈడ్చుకుపోయిన కన్నును ఏ సాధనమూ నమ్మదగినట్లు తిరిగి తేలేదు. లాల్‌బాగ్‌లో బహిరంగపు నీడలో ఎఫ్ 5.6 (లెన్సు రంధ్రం కొలత, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ) వద్ద 1/1000 కావాలంటే ఐఎస్ఓ 800 దగ్గర సరిపోతుంది. దట్టమైన చెట్ల కింద 3200 అవుతుంది. ఈ రెండూ గత పదేళ్లలో వచ్చిన ఏ మంచి కెమెరాకైనా సాధ్యమే.

వెలుతురు ఎక్కువ ఉన్న వేళను ఎంచుకోవడం కూడా షట్టర్ వేగాన్ని పెంచుకొనే మార్గమే. సూర్యోదయపు పలుచని వెలుగు అందమైనదే, అయినా చేతితో పట్టుకొని తీసేవారికి ఎనిమిది, తొమ్మిది గంటల వెలుగు మేలు. తెల్లవారుజామును ట్రైపాడ్ ఉన్న రోజుకు దాచుకోండి.

నాలుగవ మెట్టు: బరువు తగ్గించండి, అయితే మరీ తగ్గించకండి

నేను వాడిన 200-500 మి.మీ. నికాన్ లెన్సు ఒక్కటే 2.3 కిలోలు. దానికి కెమెరా కలిస్తే మూడు కిలోలు దాటేది. పది నిమిషాలు మోసిన తరువాత చేయి వణుకు రెండింతలయ్యేది, ఎందుకంటే అలసిన కండరం ఎవరికైనా వణుకుతుంది, వణుకు ముందే ఉన్నవారికి మరీ ఎక్కువ. దానిని అమ్మి మైక్రో ఫోర్ థర్డ్స్‌కు మారాను. 75-300 మి.మీ. ఒలింపస్ లెన్సు 423 గ్రాములు, ఓఎమ్-5 కెమెరా 414 గ్రాములు. రెండూ కలిపి 837 గ్రాములు, చూపు మాత్రం ఫుల్‌ఫ్రేమ్‌లో 600 మి.మీ. వరకు. ఇందులో నష్టం లేకపోలేదు. పొడవు చివర లెన్సు ఎఫ్ 6.7 దగ్గర ఆగిపోతుంది, సెన్సర్ చిన్నది కాబట్టి గింజ ముందుగా కనిపిస్తుంది. క్యానన్ వాడేవారికి 635 గ్రాముల ఆర్ఎఫ్ 100-400 మి.మీ. లెన్సు ఇలాంటి మంచి ఎంపిక, దానిలో స్టెబిలైజేషన్ కూడా ఉంది.

ఎంత తేలికైతే అంత మేలు అనుకోవడం కూడా సరికాదు. వేగంగా అటూ ఇటూ కదిపే శక్తిని బరువు కొంత అడ్డుకొంటుంది. ఖాళీ గ్లాసు కంటే సగం నీళ్లున్న గ్లాసు చేతిలో నెమ్మదిగా ఊగడం మీరు గమనించే ఉంటారు. నా అనుభవంలో మొత్తం 800 గ్రాముల నుంచి ఒక కిలో వరకు ఉన్నది కుదురుగా ఉంటుంది. కొనే ముందు దుకాణంలో అయిదు నిమిషాలు కంటి దగ్గర పట్టుకొని చూడండి. మొదటి నిమిషంలో ఏ కెమెరా అయినా తేలికగానే ఉంటుంది.

స్టెబిలైజేషన్ గురించి కొన్ని మాటలు. లెన్సులోని అద్దాలను కదిపి కుదుపును సరిచేసే పద్ధతి మార్చుకోదగిన లెన్సుల్లోకి 1995లో క్యానన్ 75-300 మి.మీ. తో వచ్చింది, సెన్సర్‌నే కదిపే పద్ధతి 2003లో మినోల్టా తెచ్చింది, అయిదు దిశల్లో సరిచేసే సెన్సర్ 2012లో ఒలింపస్ ఈ-ఎమ్5 తో వచ్చింది. పెట్టె మీద “5 స్టాప్‌లు” అని ఉంటే, 32 రెట్లు నెమ్మదైన షట్టర్‌తోనూ తీయవచ్చని దాని అర్థం. ఆ లెక్కను సాధారణమైన చేతి కదలికను అనుకరించే యంత్రం మీద కొలుస్తారు, మన చేతుల మీద కాదు. సెన్సర్ కదలడానికి లోపల ఉన్న చోటు చాలా తక్కువ. వణుకు చిన్నదైతే అది పూర్తిగా సరిచేస్తుంది, పెద్దదైతే అంచుకు తగిలి ఆగిపోతుంది. కాబట్టి పెట్టె మీది సంఖ్యను పక్కనపెట్టి క్యాలెండర్ పరీక్ష చెప్పినదే నమ్మండి. నా సంఖ్య స్టెబిలైజేషన్‌తో 5 నుంచి 2 కు దిగింది. అదే నాకు పెద్ద లాభం. లెన్సులో స్టెబిలైజేషన్ ఉన్నప్పుడు బటన్‌ను సగం నొక్కి ఒక సెకను ఆగిన తరువాత పూర్తిగా నొక్కాలి, అది కుదురుకోవడానికి ఆ సమయం కావాలి. ఎదుటి వస్తువు కదలికను మాత్రం ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు, ఎగిరే కొంగకు షట్టర్ వేగమే దిక్కు.

అయిదవ మెట్టు: గురిని నేలకు, గోడకు, రాగుల సంచికి అప్పగించండి

అన్నింటికంటే ముందు కూర్చోండి. నిలబడి తీసిన ఫొటోల్లో నావి పదింటికి మూడు నిలిస్తే, కూర్చొని తీసినవి ఏడు నిలుస్తున్నాయి. రెండు మోచేతులనూ మోకాళ్లకు కొద్దిగా పైన, మెత్తని తొడ కండ మీద ఆనించాలి. మోకాలి చిప్ప మీద ఆనిస్తే ఎముక మీద ఎముక జారుతుంది. ఎడమ అరచేయి లెన్సు కింద పళ్లెంలా ఉండాలి. వెనుక తెరను చూస్తూ చేతులు చాచకుండా వ్యూఫైండర్‌ను కనుబొమకు ఆనించాలి. అప్పుడు నుదురు మూడవ ఆసరా అవుతుంది. నిలబడక తప్పకపోతే చెట్టుకో గోడకో భుజాన్ని ఆనించి, మోచేతులను పక్కటెముకలకు చేర్చండి. ఊపిరి మామూలుగా వదిలిన తరువాత సహజంగా వచ్చే చిన్న విరామంలో బటన్ నొక్కండి, బిగబట్టకండి.

నాకు అత్యంత ఉపయోగపడిన సాధనం ఇంట్లోనే తయారైంది. పాత జీన్స్ ప్యాంటు కాలును జానెడున్నర పొడవు కత్తిరించి, ఒక చివర కుట్టి, లోపల జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో కిలో రాగులు పోసి, రెండో చివర కూడా కుట్టించాను. బియ్యం గట్టిగా సర్దుకొని చెక్కలా అవుతాయి. శనగలు, రాజ్మా పెద్దవి కావడం వల్ల లెన్సు కింద ఖాళీలు మిగులుతాయి. రాగి గింజ చిన్నది, గుండ్రనిది. లెన్సును పెట్టి కొద్దిగా అదిమితే దాని ఆకారానికి గుంట పడి అక్కడే పట్టుకొంటుంది. సంచిని మూడింట రెండు వంతులే నింపాలి, నిండా నింపితే లెన్సు దాని మీద దొర్లుతుంది. నెలకోసారి ఎండలో పెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది. లాల్‌బాగ్ బెంచీ వెన్ను మీద, హెబ్బాళ చెరువు దగ్గర గట్టు గోడ మీద, ఆపి ఇంజను కట్టేసిన కారు కిటికీ అంచున ఈ సంచి మీద లెన్సు ఆనిస్తే, నా చేతుల్లో 1/125 కూడా నిలుస్తుంది. ఇంజను నడుస్తుంటే దాని అదురు లెన్సుకు చేరుతుందని మరవకండి.

సంచి పెట్టే చోటు లేనప్పుడు నవారు పట్టీ. కెమెరా అడుగున ట్రైపాడ్ కోసం ఉండే రంధ్రం పావు అంగుళం మర కొలత. ఆ కొలత ఉన్న చిన్న కొక్కెం మరను హార్డ్‌వేర్ దుకాణంలో కొని, దానికి మంచపు నవారును కట్టండి. నవారు కింది భాగాన్ని ఉచ్చులా చేసి రెండు పాదాలనూ కొద్దిగా ఎడంగా దానిలో ఉంచి, కెమెరాను కంటి దగ్గరకు తెచ్చి నెమ్మదిగా పైకి లాగండి. నిలువు కదలిక బాగా తగ్గుతుంది. పాదాలు ఎడంగా ఉండటం వల్ల పక్క కదలిక కూడా కొంత ఆగుతుంది. జేబులో పడుతుంది, ఎవరూ అభ్యంతరం చెప్పరు. కదిలేటప్పుడు మాత్రం పాదాలు బయటకు తీసే అడుగు వేయండి, మన వయసులో పడటం ఫొటో పోవడం కంటే చాలా పెద్ద నష్టం.

మోనోపాడ్, అంటే ఒంటికాలి ఆసరా, బరువును పూర్తిగా మోస్తుంది, నిలువు కదలికను ఆపుతుంది. దానిని కాస్త ముందుకు పెట్టి, రెండు పాదాలతో కలిసి ముక్కాలి పీటలా నిలబడాలి. దానిని చేతికర్రగా వాడకండి. కాళ్ల గొట్టాలను బిగించే తాళాలు మనిషి బరువు కోసం చేసినవి కావు.

ట్రైపాడ్ ఉన్నవారు కెమెరా కూర్చొనే దాని తలను మార్చడం గురించి ఆలోచించండి. బాల్ హెడ్ మీట వదలగానే కెమెరా తల వాల్చేస్తుంది, వణికే వేళ్లకు అది కష్టం. వీడియో వాళ్లు వాడే ఫ్లూయిడ్ హెడ్‌లో చిక్కని నూనెలాంటి ద్రవం కదలికను నిరోధిస్తుంది; నెమ్మదిగా తిప్పే చేతిని అది అనుమతిస్తుంది, చిన్న చిన్న వేగవంతమైన కుదుపులను తనలోనే మింగేస్తుంది. పొడవైన పిడి ఉండటం వల్ల చేయి లెన్సుకు దూరంగా ఉంటుంది. పక్షుల కోసం నేను ఇప్పుడు దీనినే వాడుతున్నాను. ఉద్యానవనాల్లో, దేవాలయాల్లో ట్రైపాడ్‌ను కాపలావారు అడ్డుకోవడం మామూలే, కాబట్టి ముందుగా కార్యాలయంలో అడిగి వెళ్లండి.

శ్రీరంగపట్నం పక్కన రంగనతిట్టు పక్షుల అభయారణ్యం పడవలో ఇవేవీ పనికిరావు. పడవే ఊగుతుంటే దాని మీద నిలిపిన ట్రైపాడ్ ఆ ఊగును నేరుగా కెమెరాకు చేరుస్తుంది. అక్కడ రాగుల సంచిని తొడ మీద పెట్టుకొని, శరీరాన్ని మెత్తగా వదిలి, 1/1600 కు తగ్గకుండా తీయండి. గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల దగ్గర పడవ నడిపే ఆయన తెడ్డు వేయడం ఆపే క్షణాలు ఉంటాయి. “అన్నా, ఒక నిమిషం” అంటే కన్నడిగులైనా అర్థం చేసుకొని ఆపుతారు.

ఆరవ మెట్టు: బటన్‌ను వేలి నుంచి తప్పించండి

కెమెరా ఆసరా మీద ఉన్నా, నొక్కే వేలు దానిని కిందికి కుదుపుతుంది. కదలని వస్తువులకు 2 సెకన్ల టైమరే చాలు. కదిలేవాటికి తీగ ఉన్న రిమోట్ లేదా బ్లూటూత్ రిమోట్ కావాలి. ఆ చేయి ఎంత వణికినా కెమెరాకు తెలియదు. ఇంట్లో నేను కెమెరాను ట్రైపాడ్ మీద గురిపెట్టి, ఫోన్‌లోని కెమెరా యాప్‌ను మనవరాలికి ఇస్తాను. “ఇప్పుడా తాతయ్యా?” అని అడుగుతుంది, “నీకు నచ్చినప్పుడు నొక్కు తల్లీ” అంటాను. వాళ్ల నాన్న నవ్విన క్షణాన్ని పట్టుకోవడంలో ఆ పిల్ల వేలు నా వేలి కంటే చురుకైనది.

చేతితోనే నొక్కాల్సి వస్తే వేలి కొనతో పొడవకుండా, వేలి మెత్తని భాగాన్ని బటన్ మీద ఆనించి నెమ్మదిగా దొర్లించండి. బరస్ట్ పద్ధతిలో పెట్టి ఒకేసారి ఆరేడు ఫొటోలు తీయండి. మొదటి ఫ్రేములో నొక్కిన కుదుపు, చివరి ఫ్రేములో వదిలిన కుదుపు ఉంటాయి. మధ్యవాటిలో కొన్ని, ఊగే చేయి చివర వద్ద ఆగిన క్షణంలో పడతాయి. క్యాలెండర్ మీద రెండు తలకట్లు చూపించిన లక్షణమే ఇక్కడ మనకు మేలు చేస్తుంది. ఇంటికి వచ్చాక కన్నును నూరు శాతం పెద్దది చేసి చూసి, ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. లేకపోతే డిస్కు నెలలో నిండుతుంది.

స్పందన నెమ్మదించిన వేళ్లకు మరొక వరం ఉంది. ఒలింపస్, ఓఎమ్ సిస్టమ్ కెమెరాల్లో ప్రో క్యాప్చర్ అనే పద్ధతి, బటన్‌ను సగం నొక్కి ఉంచినంతసేపు ఫ్రేములను తాత్కాలికంగా దాచి, పూర్తిగా నొక్కినప్పుడు అంతకుముందు క్షణాలను కూడా కార్డులో భద్రపరుస్తుంది. పిట్ట ఎగిరిన తరువాత నొక్కినా ఎగిరిన క్షణం దొరుకుతుంది. నికాన్ జెడ్8, జెడ్9 లోనూ ఇలాంటి సదుపాయం ఉంది.

వెనుక తెర మీద తాకితే ఫోకస్ మారే టచ్ సదుపాయాన్ని మాత్రం ఆపేయండి. బొటనవేలో ముక్కో తగిలి ఫోకస్ ఎక్కడికో వెళ్లిపోతే, దానిని మనం వణుకు అనుకొంటాం.

ఏడవ మెట్టు: ఇంట్లో, పెళ్లిమండపంలో

లోపలి వెలుతురులో ఎఫ్ 5.6 జూమ్ లెన్సుతో పోరాడకండి. చాలా కంపెనీల 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు రెండు వందల గ్రాములలోపే ఉంటుంది, ధరా తక్కువ. మామూలు హాలు దీపాల కింద 1/250 వద్ద ఐఎస్ఓ 2500 ప్రాంతంలో పని జరిగిపోతుంది.

మండపాల్లో మరొక చిక్కు. మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి; వేగవంతమైన షట్టర్‌తో, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటో మీద చారలు పడతాయి. మెకానికల్ షట్టర్‌కు మారి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే వేయండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు కదలకుండా ఉంటారు. అప్పుడు మోనోపాడ్ మీద 1/100 తో తీస్తే చారలూ ఉండవు. తలంబ్రాలప్పుడు ఫ్లాష్ వాడక తప్పదు. ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతు, తక్కువ శక్తిలో అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ కాలం ఉంటుంది. ఎదుటి వస్తువుకు వెలుగు ప్రధానంగా ఆ మెరుపు నుంచే వస్తే, చేతి వణుకుకు ఫొటోలో ముద్ర పడే వ్యవధి ఉండదు. తెల్లని పైకప్పుకు తిప్పి కొట్టించండి, ముఖాల మీద నేరుగా వద్దు.

ఎనిమిదవ మెట్టు: ఫోన్

ఫోన్ అతి తేలికది, పట్టు లేనిది, బటన్ అద్దం మీద ఉన్నది. వణికే చేతికి ఇంతకంటే కష్టమైన ఆకారం లేదు. ముందుగా షట్టర్‌ను తెర మీది నుంచి పక్కనున్న వాల్యూమ్ మీటకు మార్చుకోండి. చాలా ఫోన్లలో ఇది ముందే ఉంటుంది. శాంసంగ్ ఫోన్లలో మాటతో, అరచేయి చూపించడంతో ఫొటో తీయించవచ్చు. నైట్ మోడ్ కొన్ని సెకన్ల పాటు ఫ్రేములు సేకరిస్తుంది కాబట్టి చేతితో పట్టుకొని వాడకండి. చిన్న ట్రైపాడ్ మీద పెడితే అద్భుతంగా ఉంటుంది. తెర మీద తాకడమే కష్టమైనవారు సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, తాకి పట్టుకొనే వ్యవధిని పెంచుకొంటే పొరపాటు స్పర్శలు తగ్గుతాయి.

చిన్న పనులు, పెద్ద నష్టాలు

ఫొటో తీసేటప్పటికంటే సామాను సర్దేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. లాల్‌బాగ్ బండ మీద నిలబడి లెన్సు మారుస్తుండగా అది నా చేయి జారి, మెట్టు మెట్టుకూ తగులుతూ దొర్లింది; ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అప్పటి నుంచి బయట లెన్సు మార్చను. ఒక జూమ్‌తో వెళ్లి దానితోనే తిరిగి వస్తాను. మార్చక తప్పకపోతే కూర్చొని, ఒడిలో తువ్వాలు పరచుకొని మార్చండి. రోజంతటికీ సరిపోయే పెద్ద కార్డు వేసుకొంటే బయట కార్డు తీయాల్సిన పనే ఉండదు. ట్రైపాడ్ పళ్లాన్ని కెమెరాకు శాశ్వతంగా బిగించి ఉంచండి. అది తాళంలో పడిందని చేత్తో కదిపి నిర్ధారించుకొనే వరకు మెడ పట్టీ తీయకండి. కొత్త ట్రైపాడ్ కొనేవారు మెలితిప్పే తాళాల కంటే మడిచే తాళాలున్నది చూడండి, అవి మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో కంటికే కనిపిస్తుంది.

నడిచి వెళ్లిన వెంటనే కెమెరా తీయకుండా పది నిమిషాలు కూర్చోండి. ఒక గంట తీసిన తరువాత కాసేపు ఆపండి.

మళ్లీ క్యాలెండర్ దగ్గరకు

వణుకు ఒకచోట ఆగి ఉండదు. మందుతో తగ్గవచ్చు, ఏళ్లతో పెరగవచ్చు. అందుకని నేను ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి అదే గోడ దగ్గర, అదే కిటికీ వెలుగులో పరీక్ష మళ్లీ చేస్తాను. మొదటి ఏడు స్టెబిలైజేషన్‌తో నా సంఖ్య 2. నిరుడు దసరాకు 3 అయింది. ఆ సాయంత్రమే ఆటో ఐఎస్ఓ కనిష్ఠ వేగాన్ని ఒక మెట్టు పెంచి, నిలబడి తీసే అలవాటును పూర్తిగా మానేశాను. ఈ ఉగాదికీ 3 గానే ఉంది. పాత క్యాలెండర్ పేజీలను కెమెరా సంచిలో రాగుల సంచి పక్కనే మడిచి ఉంచాను.